తట్టుకునే రకం మూడేళ్ళకే ఎందుకు పడిపోతుంది? మొక్కల ఇమ్యూనిటీ మీద అపోహలు - వాస్తవాలు

నేను పంట తెగుళ్ళ మీద పనిచేస్తా, ఉండేది గుంటూరు, తెనాలి వైపు వరి, ప్రత్తిపాడు వైపు మిరప ఎక్కువగా చూస్తుంటా. సీజన్లో ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "తెగులు తట్టుకునే రకం అన్నారండీ, మొదట్లో బానే ఉంది, ఇప్పుడు అందరికంటే ముందు మా చేనుకే వచ్చింది, విత్తనంలోనే ఏదో మోసం ఉంది" అని. నకిలీ విత్తనాలు లేవని నేననను, ఉన్నాయి, వాటి మీద ఫిర్యాదు చేయాల్సిందే. కానీ చాలాసార్లు విత్తనం పాతదే, అదే బలంతో ఉంది, మారింది తెగులు. ఈ తేడా తెలియక ఏటా రకం మారుస్తూ, ట్యాంకులకి ట్యాంకులు మందు కొడుతూ ఖర్చు పెట్టేవాళ్ళని చూస్తే బాధేస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అపోహ: మొక్కకి ఇమ్యూనిటీ ఏముంటుంది, మందు కొడితేనే బతుకుతుంది.

వాస్తవం: మనకున్నట్టు రక్తంలో తిరిగే కణాలు, యాంటీబాడీలు మొక్కకి లేవు, అది నిజమే. కానీ మొక్కలో ఏ కణానికి ఆ కణమే కాపలా కాసుకుంటుంది, అదీ రెండంచెలుగా. కణం పైపొర మీద రిసెప్టర్లుంటాయి, ఇవి శిలీంధ్రం గోడలోని కైటిన్ ముక్కల్ని, బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రోటీన్‌ని పసిగడతాయి. గాల్లో, మట్టిలో ఉన్న సూక్ష్మజీవుల్లో చాలావాటి పని ఇక్కడే అయిపోతుంది. దీన్ని దాటడానికి అసలైన తెగుళ్ళు ఎఫెక్టర్లు అనే ప్రోటీన్లని కణం లోపలికి ఎక్కించి ఆ అలారం మోగకుండా నొక్కేస్తాయి. అప్పుడు రెండో అంచె, కణం లోపల ఎన్ఎల్ఆర్ అనే ప్రోటీన్లు ఆ ఎఫెక్టర్‌ని గానీ, అది చేసిన పాడుని గానీ గుర్తుపట్టాయంటే ఆ కణం తనంతట తానే చచ్చిపోతుంది, దాంతోపాటు తెగులు కూడా అక్కడే ఆగిపోతుంది. జోన్స్, డాంగిల్ అనే ఇద్దరు సైంటిస్టులు 2006లో ఈ మొత్తాన్ని ఒక క్రమంలో పెట్టి చూపించారు, మొక్క ఒక ఎత్తు, తెగులు పై ఎత్తు, మళ్ళీ మొక్క ఇంకో ఎత్తు, ఇలా.

ఇది పొలంలో కంటికి కనిపిస్తుంది. అగ్గి తెగులు తట్టుకునే వరి ఆకుని భూతద్దం పెట్టి చూడండి, గుండుసూది మొనంత గోధుమరంగు చుక్కలుంటాయి, మధ్యలో బూడిదరంగు ఉండదు, పెరగవు. అవి మొక్క గెలిచిన చోట్లు. తెగులు గెలిస్తే నూలు కండె ఆకారంలో మచ్చ సాగుతుంది, మధ్యలో బూడిదరంగు వస్తుంది. చుక్కల్ని చూసి కంగారుపడి మందు కొట్టేవాళ్ళే ఎక్కువ, ఆ డబ్బులు పూర్తిగా దండగ.

అపోహ: ఒకే రకం వేస్తూ పోతే తెగులు మెల్లగా దానికి అలవాటు పడుతుంది.

వాస్తవం: ఏ ఒక్క స్పోరూ (శిలీంధ్రం విత్తనం లాంటిది) అలవాటు పడదు. అగ్గి తెగులు మచ్చ ఒక్కటి రోజుకి వేల స్పోర్లు వదులుతుంది, ఆయకట్టు మొత్తం మీద ఎన్ని ఉంటాయో ఊహించుకోండి, వాటిలో ఎక్కడో కొన్నిట్లో ఎఫెక్టర్ జీన్ అనుకోకుండా మారిపోయో, ఊడిపోయో ఉంటుంది. మామూలు రకం మీద వాటికి ప్రత్యేకంగా లాభమేం లేదు. మనం వేలాది ఎకరాల్లో ఒకే జీన్ ఉన్న తట్టుకునే రకం వేసినప్పుడు మాత్రం మిగతావన్నీ చచ్చి అవే మిగులుతాయి, పోటీ లేదు కాబట్టి రెండు మూడు సీజన్లలో చేనంతా వాటి సంతతే. అంటే ఏరి పెట్టింది మనమే. అమెరికాలో నార్త్ డకోటాలో హెరాల్డ్ ఫ్లోర్ అనే ఆయన 1940లలో అవిసె పంట, దాని తుప్పు తెగులు రెండిట్నీ క్రాస్ చేసి చూసి, మొక్కలో ఒక్కో నిరోధక జీన్‌కి తెగుల్లో దానికి జతగా ఒక్కో జీన్ ఉంటుందని తేల్చారు. తెగులు వైపు ఆ ఒక్క జీన్ మారితే చాలు, మొక్క గుర్తుపట్టలేదు.

అపోహ: ఎక్కువ జీన్లు పెట్టిన రకం వస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మన సాంబమసూరి కథ. సాంబమసూరి అంటే బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో విడుదలైంది, తినడానికి దానికి సాటి లేదు, కానీ బాక్టీరియా ఎండాకు తెగులుకి తేలిగ్గా లొంగిపోతుంది. ఆ బాక్టీరియా ఆకు అంచుల్లో నీటి చుక్కలు వచ్చే రంధ్రాల నుంచి, గాయాల నుంచి లోపలికెళ్ళి నీటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. అనుమానం ఉంటే ఎండిన భాగం, పచ్చ భాగం కలిసే చోట ఆకుని కోసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి నిలబెట్టండి, కాసేపటికి కోసిన అంచు నుంచి తెల్లగా సన్నటి తీగ కిందికి జారుతుంది, అదంతా బాక్టీరియానే.

అది లోపల చేసే పని ఆశ్చర్యంగా ఉంటుంది. టాల్ అనే ఎఫెక్టర్‌ని కణం న్యూక్లియస్ దాకా పంపుతుంది, అది వరి డీఎన్ఏ మీద స్వీట్ అనే చక్కెర రవాణా జీన్ ముందు కూర్చుని దాన్ని ఆన్ చేస్తుంది, మొక్క తన చక్కెరని తనే బయటికి వదులుతుంది, బాక్టీరియా తింటుంది. ఎక్స్ఏ13 అని మనం చెప్పే నిరోధక జీన్ ఇంకేం కాదు, టాల్ కూర్చునే ఆ చోటు మారిపోవడమే. ఎక్స్ఏ5 అనే ఇంకో జీన్‌లో టాల్ వాడుకునే వరి ప్రోటీనే కొద్దిగా మారి ఉంటుంది. ఎక్స్ఏ21 మాత్రం కణం పైపొర మీద రిసెప్టర్, ఆఫ్రికాలోని మాలి నుంచి తెచ్చిన అడవి వరిలోంచి వచ్చింది. హైదరాబాద్‌లో వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి ఈ మూడిట్నీ సాంబలోకి తెచ్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబమసూరి విడుదల చేశాయి. ఎక్స్ఏ5, ఎక్స్ఏ13 రెండు కాపీలూ ఉంటేనే పనిచేస్తాయి, హైబ్రిడ్ చేసేవాళ్ళు తల్లిదండ్రులిద్దరిలోనూ పెట్టుకోవాలి.

మూడు వేర్వేరు పద్ధతులు కాబట్టి బాక్టీరియా మూడిట్నీ ఒకేసారి దాటాలి, అది చాలా చాలా అరుదు. కానీ పక్క చేలో ఒక్క జీన్ ఉన్న రకం, ఇంకో చేలో ఇంకో జీన్ ఉన్న రకం వేశామనుకోండి, బాక్టీరియాకి మెట్లు మనమే కట్టిచ్చినట్టు, ఒకటి అక్కడ దాటుతుంది, రెండోది ఇక్కడ దాటుతుంది. నా ఉద్దేశంలో మూడు జీన్ల రకాలకి అసలు ప్రమాదం ఇదే. పైగా యూరియా ఎడాపెడా వేస్తే, నారు కొసలు తుంచి గాయాలతో నాటితే తెగులు మొక్క మీదకి రావడం ఎక్కువవుతుంది, బాక్టీరియా ఎన్ని ఎక్కువైతే దాటేవి పుట్టే అవకాశం అంత ఎక్కువ.

మిరపలో ఇదే టాల్ కథ తిరగబడింది. బీఎస్3 అని ఒక జీన్ ఉంది, ఆకుమచ్చ బాక్టీరియా టాల్ ఎఫెక్టర్ ఏ రకం చోట కూర్చుంటుందో సరిగ్గా అలాంటి చోటే ఆ జీన్ ముందు ఉంటుంది, కాకపోతే అది ఆన్ అయితే చక్కెర రాదు, కణం చనిపోతుంది. అంటే బాక్టీరియా స్విచ్‌నే మిరప దానికి ఉచ్చుగా పెట్టింది. 2007లో ఇది బయటపడినప్పటి నుంచి నాకు మిరప మొక్క మీద గౌరవం పెరిగింది, నిజంగా.

అపోహ: ఒకసారి నిరోధక జీన్ ఉంటే ఎండలోనైనా వానలోనైనా పనిచేస్తుంది.

వాస్తవం: పొగాకు మొజాయిక్ వైరస్‌ని ఆపే ఎన్ జీన్ 28 డిగ్రీలు దాటితే పనిచేయదు. టమాటాలో వేరు బుడిపె నులిపురుగుని ఆపే ఎంఐ జీన్ కూడా నేల వేడి దాదాపు అంతే దాటితే చేతులెత్తేస్తుంది. మన దగ్గర ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా, కాబట్టి ప్యాకెట్ మీద నిరోధకత అని ఉంది కదా అని మార్చిలో నాటిన టమాటా వేర్లకి బుడిపెలొస్తే వెంటనే విత్తనాన్ని తప్పుపట్టకండి.

అపోహ: ఇమ్యూనిటీ బూస్టర్ కొడుతూ ఉంటే మంచిదే, నష్టమేం ఉండదు.

వాస్తవం: మొక్కని ముందే అప్రమత్తం చేయడం నిజంగా కుదురుతుంది. 1979లో వైట్ అనే సైంటిస్టు పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కిస్తే మొజాయిక్ వైరస్ మచ్చలు బాగా తగ్గాయి, ఎందుకంటే మొక్క లోపల అలారం మోసే సాలిసిలిక్ ఆమ్లం దానికి దగ్గరి బంధువు. జపాన్‌లో ఈ దారిలో పనిచేసే మందుని 1970ల నుంచి వరి అగ్గి తెగులుకి వాడుతున్నారు. కానీ ఎప్పుడూ అలారం మోగుతూ ఉండటానికి మొక్క ఖర్చు పెట్టాలి, ఎదుగుదల తగ్గించుకుని మరీ పెట్టాలి. అరాబిడాప్సిస్ అని ఆవాల కుటుంబం మొక్కలో ఒక్క నిరోధక జీన్ ఉన్నందుకే, తెగులు లేని చోట, విత్తనాలు 9 శాతం తగ్గాయని 2003లో కొలిచి చూపించారు. అందుకే డబ్బాలో ఏం పదార్థం ఉందో, ఏ పంటకి ఏ తెగులుకి రిజిస్టర్ అయిందో రాసి లేకపోతే కొనొద్దు.

అపోహ: మిరపకి ఆకుముడత తెచ్చే జెమిని వైరస్‌కి గట్టి మందు పడితే మొక్క కోలుకుంటుంది.

వాస్తవం: వైరస్‌ని చంపే మందు కొట్లో లేదు, యాంటీబయాటిక్‌కి దానితో సంబంధమే లేదు. మొక్క తన వంతుగా వైరస్ ఆర్ఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా నరుకుతుంది, వైరస్ ఆ కత్తిని మొద్దుబార్చే ప్రోటీన్ వెంట తెచ్చుకుంటుంది, మిరప ఆకుముడతలో బీటాశాటిలైట్ అనే తోడు డీఎన్ఏ ముక్క కూడా ఆ పనిలో సాయం చేస్తుంది. మనం చేయగలిగింది దాన్ని మోసుకొచ్చే తెల్లదోమని అదుపులో పెట్టడం, ముడత పడిన మొక్కల్ని మొదట్లోనే పీకేయడం.

అపోహ: నాటు రకాలకి తెగుళ్ళు రావు.

వాస్తవం: వస్తాయి. ఒకప్పుడు ఊరికి నాలుగైదు రకాలుండేవి కాబట్టి ఒక తెగులు అన్నిట్నీ ఒకేసారి పట్టేది కాదు, అంతే తేడా. అమెరికాలో 1970లో మొక్కజొన్న హైబ్రిడ్లలో ఎక్కువ భాగం ఒకే సైటోప్లాజం (తల్లి మొక్క నుంచి వచ్చే కణద్రవ్యం) మీద ఉండటంతో ఆకు ఎండు తెగులు ఒక్క ఏడాదిలో దేశం పంటలో సుమారు 15 శాతం తినేసింది. దీనికి ఎదురుగా, చైనా యునాన్‌లో అగ్గి తెగులుకి లొంగే జిగట వరిని నిరోధక హైబ్రిడ్ వరుసల మధ్య వేస్తే ఆ జిగట వరిలో తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది, 2000లో అచ్చయిన ఫలితం ఇది. కాలువ కింద ఆ చివర నుంచి ఈ చివరికి ఒకటే రకం వేయకుండా, పక్క రైతుతో మాట్లాడుకుని రెండు మూడు రకాలు కలిపితే మనకీ ఎంతో కొంత ఉపయోగం ఉంటుంది, మిల్లరు ఒకే రకం అడుగుతాడు, అది పెద్ద ఇబ్బందే, నాకు తెలుసు.

చివరగా ఒక్క పని చేసిపెట్టండి. తట్టుకునే రకం మీద సాగే మచ్చ, ఎండే అంచు కనిపించిందంటే ఫోన్‌లో ఫోటో తీసి వదిలేయకండి, తెగులు కొత్త రూపం మొదట బయటపడేది అక్కడే. పచ్చ, ఎండు రెండూ ఉన్న ఆకులు కొన్ని కోసి, పాలిథిన్ కవర్లో కాకుండా పేపర్లో చుట్టి, రకం పేరు, నాటిన తేదీ, పొలం ఏ ఊరు, ఎన్ని బస్తాల యూరియా వేశారు అన్నీ రాసి అదే రోజు లాం ఫారం పరిశోధన కేంద్రానికో, బాపట్లకో, దగ్గర్లో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రానికో చేర్చండి. పక్కనే వేరే రకం చేను బాగా ఉంటే దాని ఆకులు కూడా నాలుగు విడిగా పెట్టి తీసుకెళ్ళండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మారింది తెగులా, విత్తనమా అన్నది తేలుతుంది.