గులకరాళ్ల తీరానికి గోడ కట్టేస్తే సరిపోదా?

ప్రియమైన పిల్లలకు,

మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. "సముద్రం ఒడ్డును కోసేస్తుంటే ఓ పెద్ద గోడ కట్టేస్తే పోతుంది కదా, ఎందుకింత తంటా?" అని అడిగారు. గోడ సంగతికి వస్తాను. ముందు రాళ్ల గురించి చెప్పనివ్వండి. గులకరాళ్ల తీరంలో ఊరిని కాపాడేది మొదట ఆ రాళ్లే.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో చాలా చోట్ల ఇసుకకు బదులు గులకరాళ్లు గట్టులా పేరుకుని ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సుద్దకొండల్లోంచి ఊడిపడిన చెకుముకి రాళ్లు. అల ఒడ్డుకు ఎగబాకేటప్పుడు రాళ్లను తోసుకుంటూ వస్తుంది. తిరిగి దిగేటప్పుడు మాత్రం నీళ్లు చాలావరకు రాళ్ల సందుల్లోకి ఇంకిపోతాయి. అల వెనక్కి లాగే బలం తగ్గుతుంది, పైకి వచ్చిన రాయి పైనే ఉండిపోతుంది. అందుకే ఈ ఒడ్డు ఇసుక ఒడ్డు కన్నా చాలా ఏటవాలుగా, ఎత్తుగా ఉంటుంది. అల వచ్చినప్పుడు దాని బలంలో చాలా భాగం ఆ రాళ్లను కదిలించడంలో, వాటి సందుల్లోకి ఇంకడంలో ఖర్చయిపోతుంది. మనిషి కట్టిన ఏ కట్టడమూ ఇంత చక్కగా అలను అలసటకు గురిచేయదు.

తుపాను రోజుల్లో అలలు వెంట వెంటనే వస్తాయి. నీళ్లు ఇంకే వ్యవధి ఉండదు, రాళ్లు కిందికి జారిపోతాయి. వాతావరణం కుదుటపడ్డాక వాటిలో చాలా రాళ్లను అలలే మళ్లీ పైకి చేరుస్తాయి. కాబట్టి తుపాను మర్నాడు ఒడ్డు తగ్గిపోయి కనిపిస్తే, అదంతా శాశ్వత నష్టం అనుకోకూడదు.

ఇంకో కదలిక ఉంది. అసలు చిక్కంతా దానితోనే. అలలు తీరానికి సూటిగా కాకుండా కాస్త ఏటవాలుగా వస్తాయి. రాయి ఏటవాలుగా పైకి వెళ్లి, తిన్నగా కిందికి దిగుతుంది. అలా అలకో అడుగు చొప్పున తీరం వెంట పక్కకు ప్రయాణిస్తూనే ఉంటుంది. ఆ తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి చాలా చోట్ల రాళ్లు తూర్పుకు నడుస్తాయి. డోర్సెట్‌లోని చెసిల్ తీరం దాదాపు 29 కిలోమీటర్ల పొడవు. అక్కడ అలలు రాళ్లను చాటలో చెరిగినట్టు వేరుచేశాయి. పడమటి కొసన బఠాణీ గింజంత రాళ్లు, తూర్పున పోర్ట్‌లాండ్ వైపు కొసన పిడికిలంత రాళ్లు. చీకట్లో ఒడ్డుకు చేరిన జాలర్లు రాయి సైజును బట్టి ఎక్కడ దిగామో చెప్పేవారని అంటారు.

మరి ఈ రాళ్లు ఎక్కడి నుంచి వస్తూ ఉంటాయి? ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. గత మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగినప్పుడు, అడుగున ఉన్న రాళ్లను అలలు తోసుకుంటూ ఒడ్డుకు తెచ్చాయి. ఆ పని వేల ఏళ్ల క్రితమే చాలావరకు అయిపోయింది. ఇప్పుడు కొత్తగా వచ్చేది కొంచెమే.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల ఒక ఊరు ఊరే పోయింది. డెవన్‌లో హాల్‌సాండ్స్ అని ఒక జాలరి పల్లె ఉండేది. ఇళ్లకూ సముద్రానికీ మధ్య గులకరాళ్ల ఒడ్డు అడ్డుగా ఉండేది. ప్లిమత్ దగ్గర నౌకాదళం డాక్‌యార్డును పెద్దది చేయడానికి కాంక్రీటు కోసం రాళ్లు కావలసి, 1897లో ఊరి ఎదుట సముద్రంలోంచి తవ్వడం మొదలుపెట్టారు. సముద్రమే మళ్లీ నింపుతుందని నమ్మారు. నింపలేదు. తవ్విన గోతిలోకి ఒడ్డు మీది రాళ్లు జారిపోయాయి, ఒడ్డు ఏటికేడు కుంగిపోయింది. ఊరివాళ్లు మొత్తుకోగా మొత్తుకోగా 1902లో తవ్వకం ఆపారు. అప్పటికి దాదాపు ఆరున్నర లక్షల టన్నులు పోయాయి. 1917 జనవరి 26 రాత్రి తూర్పుగాలి తుపాను, పెద్ద పోటు ఒకేసారి వచ్చాయి. ఊరిలో దాదాపు అన్ని ఇళ్లూ కూలిపోయాయి. ప్రాణనష్టం జరగలేదు, అంతవరకు అదృష్టం. ఆ ఊరివాళ్లు చెప్పిన మాటను మొదట్లోనే వినాల్సింది. ఈ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నేటికీ ఇంగ్లండ్‌లో చాలా తీరాల నుంచి గులకరాళ్లు పట్టుకెళ్లడం నిషేధం.

ఇప్పుడు గోడ. నిటారు గోడను ఢీకొన్న అల ఇంకిపోదు, అంతే ఊపుతో వెనక్కి మళ్లుతుంది. మళ్లుతూ గోడ ముందున్న రాళ్లను లాక్కుపోతుంది. రాళ్లు తగ్గేకొద్దీ తర్వాతి అల ఇంకా గట్టిగా కొడుతుంది, కొన్నాళ్లకు గోడ పునాది బయటపడుతుంది. పైగా గోడ వెనక ఉన్న కొండ విరిగిపడదు కాబట్టి అక్కడి నుంచి రావలసిన కొత్త రాళ్లు కూడా ఆగిపోతాయి. అందుకే గోడ ఉన్నా, దాని ముందు రాళ్లు ఉండి తీరాలి.

అందుకని ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా చెక్కతోనో బండరాళ్లతోనో గ్రోయిన్‌లు అనే అడ్డుకట్టలు కడతారు. నడిచి వచ్చే రాళ్లు వాటి దగ్గర ఆగి పేరుకుంటాయి. ఆ ఊరికి మేలే. కానీ ఇక్కడ ఆగిన రాయి పక్క ఊరికి చేరదు. అక్కడ కోత మొదలవుతుంది, వాళ్లూ గ్రోయిన్ కడతారు, ఆ పక్కవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఒక్కో ఊరు ఎవరి ఒడ్డు వాళ్లు చూసుకుంటే ఇది తేలదని నా గట్టి అభిప్రాయం. తీరమంతా కలిపి ఒకే లెక్కగా చూడాలి.

నాకు బాగా నచ్చిన పద్ధతి చాలా సాదాసీదా. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని డంజనెస్ దగ్గర గులకరాళ్ల నేల మీదే అణువిద్యుత్ కేంద్రం కట్టారు. అటు నుంచి రాళ్లు తూర్పుకు వెళ్లిపోతుంటే, 1960ల నుంచి లారీల్లో ఎత్తి మళ్లీ పడమటికి తెచ్చి పోస్తున్నారు. సముద్రం మళ్లీ మోసుకుపోతుంది, మళ్లీ తెస్తారు. విడ్డూరంగా అనిపించవచ్చు. కానీ ఒడ్డును ఒడ్డుగానే ఉంచే పని ఇది. కొన్ని చోట్ల సముద్రం లోపల, తీరానికి దూరంగా తవ్వి ఓడల్లో రాళ్లు తెస్తారు. ఎక్కడ, ఎంత లోతులో తవ్వాలో ముందు లెక్క చూసుకోకపోతే అది మరో హాల్‌సాండ్స్ అవుతుంది.

కొన్నిసార్లు వెనక్కి తగ్గడమే తెలివైన పని. దక్షిణ తీరంలోనే సెల్సీ అనే ఊరి దగ్గర మెడ్‌మెరీలో గులకరాళ్ల గట్టును ఏటా ఎత్తు చేస్తూ వచ్చినా అది తెగుతూనే ఉండేది. చివరికి లోపలి వైపు దాదాపు 7 కిలోమీటర్ల కొత్త కట్ట వేసి, 2013లో పాత గట్టుకు అధికారులే గండి కొట్టారు. మధ్యలోకి పోటునీరు వచ్చి ఉప్పునీటి చిత్తడి నేల ఏర్పడింది. అలల జోరు అక్కడే తగ్గుతుంది. దానికి దాదాపు 2.8 కోట్ల పౌండ్లు ఖర్చయింది. తమ పొలాలు సముద్రానికి వదిలిపెట్టడం ఎవరికైనా కష్టమే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకండి.

మీకో పని చెబుతాను. గ్రోయిన్‌లు ఉన్న తీరం ఫొటో ఒకటి దొరకబుచ్చుకుని, గ్రోయిన్‌కు ఏ వైపు రాళ్లు ఎత్తుగా ఉన్నాయో చూడండి. రాళ్లు వస్తున్నది ఆ వైపు నుంచే. తర్వాత మ్యాప్ తెరిచి, రెండో వైపున వరుసగా ఏ ఊళ్లు ఉన్నాయో, వాటికి రాళ్లు ఎక్కడి నుంచి అందాలో రాసి పంపండి. జవాబు రాస్తాను.

మీ తాతయ్య