జాడీలో తడి చెయ్యి

బుజ్జీ,

అమెరికాలోని ఆమ్హెర్స్ట్ ఊళ్లో కవయిత్రి ఎమిలీ డికిన్సన్ ఇల్లు చూసొచ్చి ఫోన్లో అడిగావు గుర్తుందా, "ఎవరికీ చూపించనప్పుడు అన్ని కవితలు ఎందుకు రాసింది తాతయ్యా?" అని. ఆ వేళ ఏదో చెప్పి తప్పించుకున్నాను.

అసలు ఎవరికీ చూపించలేదనకు. పక్కింట్లో ఉండే వదినకీ, స్నేహితులకీ ఉత్తరాల్లో చాలానే పంపింది. గడప దాటడం మానేసినా, మేడ కిటికీలోంచి బుట్టకి తాడు కట్టి వీధి పిల్లలకి అల్లం రొట్టె దించేదట. మనుషులంటే గిట్టక కాదన్నమాట. అచ్చులో మాత్రం బతికుండగా వచ్చినవి పదో ఏమో, అవీ పేరు లేకుండానే.

మా అమ్మ ఆవకాయ పెట్టి, జాడీకి వాసెన కట్టి, వంటింట్లో చీకటి మూలకి జరిపేసేది. ఈవిడా అంతే. కవితల్ని మంచి కాగితాల మీద తిరగరాసి, మడిచి, దారంతో కుట్టి దాచింది. అలాంటి చిన్న పుస్తకాలు 40. 1886లో ఆవిడ పోయాక చెల్లెలు లవీనియా వాటిని బయటికి తీసింది. విడి కాగితాలూ ఉత్తరాలూ కలిపి లెక్కేస్తే దాదాపు 1,800 కవితలు!

ఎనిమిదేళ్లప్పుడు నేను బావి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే జాడీలో చెయ్యి పెట్టాను. కొన్నాళ్లకి పైన తెల్లగా బూజు. అమ్మ ఎవర్నీ అడగలేదు. ఆ ఏడాదంతా నా కంచంలో ఆవకాయ పడలేదు, అంతే.

1890లో ఆవిడ పుస్తకం అచ్చు వేసినవాళ్లూ తడి చెయ్యే పెట్టారు. ప్రాస కుదరలేదని మాటలు మార్చారు, ఆవిడ మాటల మధ్య పెట్టిన చిన్న చిన్న అడ్డగీతలు తీసేశారు, కవితలకి లేని పేర్లు పెట్టారు. మంచి మనసుతోనేలే. ఎవరి రాతైనా దిద్దబోయే ముందు చెయ్యి తుడుచుకోవాలి నాయనా. ఇక్కడితో నా ఆవకాయ పోలిక చెడింది. బూజు పట్టింది పారేయాల్సిందే కదా, ఆవిడ చేతిరాత కాగితాలు మాత్రం మిగిలాయి. వాటిని చూసి 1955లో ఆవిడ రాసింది రాసినట్టు వేశారు.

ఇక ఎందుకు రాసిందంటావా? ఆవిడ కవిత ఒకటుంది. దారి మీదికి ఓ పిట్ట దిగింది. తనని చూస్తున్నారని దానికి తెలీదు. వానపాముని రెండు ముక్కలు చేసి పచ్చిదే మింగేసింది. గడ్డిపరక మీద మంచుబొట్టు తాగింది. తర్వాత గోడవారకి పక్కగా గెంతి, ఒక పురుగుకి దారిచ్చింది! పురుగుకి దారివ్వడం చూశాక ఊరుకోగలమా చెప్పు?

రేపు పొద్దున్నే మీ పెరట్లో మెట్ల మీద కూర్చో. ఫోన్ లోపల పెట్టి రా. పిట్ట వచ్చేదాకా కదలకు. అది ఏం తిన్నదో, ఎటు గెంతిందో రాసి పంపు. మీ అమ్మకి చూపించడం, మానడం నీ ఇష్టం.

తాతయ్య