గుమ్మడి ముక్క అంచు ఎర్రబడే వేళ

గుమ్మడి ముక్కలకు తేనె, వెన్న, దాల్చినచెక్క పొడి బాగా పట్టించి, ట్రే నిండా పరిచి, ఓవెన్‌లో 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టాను. ఇరవై నిమిషాలు కాకముందే మాడు వాసన వచ్చింది. తలుపు తీసి చూస్తే ట్రే అడుగున తేనె నల్లగా తారులా అంటుకుపోయి ఉంది. ముక్కలు మాత్రం పాలిపోయి, చెమట పట్టినట్టు తడితడిగా ఉన్నాయి. ఫోర్కుతో గుచ్చితే మధ్యలో ఇంకా పచ్చి. ఒకే ట్రే, ఒకే వేడి. అందులో తేనె మాడిపోయింది, దాన్ని ఆనుకునే ఉన్న ముక్క ఉడకనే లేదు. ఇదెలా జరిగిందన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. జవాబు వెతుక్కుంటూ పోతే ప్రతిసారీ నీళ్ల దగ్గరికే వచ్చి ఆగాను.

ముందు కాయ సంగతి చూద్దాం. ఈ గుమ్మడి రకాల్ని ఇంగ్లిష్‌లో వింటర్ స్క్వాష్ అంటారు. ఆ పేరు విని ఇవి చలికాలంలో కాస్తాయనుకుంటారు. నిజానికి వీటికి వెచ్చదనం కావాలి. తొక్క గట్టిపడేదాకా తీగ మీదే ముదరనిచ్చి, మంచు పడేలోపు కోసి దాచుకుంటే శీతాకాలంలో నెలల తరబడి నిలవుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. జుకినీ లాంటి వాటిని లేతగా ఉండగానే కోసి తినేస్తారు, అవి సమ్మర్ స్క్వాష్. పొడవాటి మెడ ఉండే బటర్‌నట్, ముదురాకుపచ్చ తొక్క ఉండే కబోచా, పైనుంచి కిందికి లోతైన గాడులుండే ఏకార్న్ చూడ్డానికి దగ్గరి బంధువుల్లా ఉన్నా మూడూ మూడు వేర్వేరు జాతులు. వరసగా కుకుర్బిటా మోస్కాటా, కుకుర్బిటా మాక్సిమా, కుకుర్బిటా పెపో. అన్నిటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో గిలా నకిట్జ్ అనే గుహలో దొరికిన గుమ్మడి గింజల వయసు దాదాపు 10,000 ఏళ్లు. మొక్కజొన్నను మచ్చిక చేసుకోకముందే మనుషులు ఈ తీగను సాకారు.

తీపి కథ ఓవెన్‌లో మొదలవుతుందని చాలాకాలం అనుకున్నాను. అది కాయ కోసిన రోజే మొదలవుతుంది. అప్పుడే కోసిన కబోచాను కాల్చి తినండి, పిండిపిండిగా, చప్పగా ఉంటుంది. మొక్క తను తయారుచేసుకున్న ఆహారాన్ని అందులో స్టార్చ్‌గా దాచింది. స్టార్చ్ అంటే గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో గొలుసుగా అల్లుకున్న పదార్థం. గొలుసుగా ఉన్నంతవరకు నాలుకకు దాని తీపి తెలియదు. కాయను కొన్ని వారాలు అలా ఉంచితే లోపలి అమైలేజ్ ఎంజైమ్‌లు ఆ గొలుసుల్ని ముక్కలు చేస్తూ పోతాయి. స్టార్చ్ తగ్గుతుంది, చక్కెరలు పెరుగుతాయి. కోసినాక చచ్చిపోయిందనుకున్న కాయ లోపల ఇంత పని జరుగుతూనే ఉంటుంది. నిలవకు 10 నుంచి 13 డిగ్రీల చల్లదనం చాలు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం కణాలు చలికి దెబ్బతిని కాయ త్వరగా పాడవుతుంది. ఏకార్న్ రకం అంతకాలం ఆగదు, దాన్ని తొందరగా వాడేయాలి. కొనేటప్పుడు గోటితో తొక్కను నొక్కి చూడండి. గోరు దిగిందంటే ఆ కాయ ముదరకముందే కోసింది. అలాంటి కాయ ఎన్నాళ్లు దాచినా తియ్యబడదు, దాచుకున్న స్టార్చే తక్కువ కాబట్టి.

బటర్‌నట్ తొక్క తీశాక చేతుల్ని చూసుకున్నారా? కోసిన చోట తేనె రంగు చుక్కలు పూసల్లా పైకి వస్తాయి. అవి వేళ్లకు అంటి ఆరిపోగానే చర్మం బిగుసుకుపోయి, పలచటి జిగురు పొర కప్పినట్టు అవుతుంది. సబ్బుతో కడిగినా వెంటనే పోదు. గాయమైన చోటును మూసేసుకోవడానికి కాయ వదిలే రసం అది. కొందరికి దురద, మంట కూడా వస్తాయి. గ్లౌజులు వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. వంద గ్రాముల పచ్చి బటర్‌నట్‌లో 86 గ్రాములు నీరే. పిండి పదార్థం, చక్కెరలు, పీచు అన్నీ కలిపితే 12 గ్రాముల దాకా ఉంటాయి, ప్రోటీన్ ఒక గ్రాము. అంటే మనం ఓవెన్‌లో పెట్టేది చాలావరకు గట్టి గోడల మధ్య బంధించిన నీళ్లే. ఒక గ్రాము నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 75 కెలోరీలు చాలు. ఆ మరుగుతున్న గ్రాము నీటిని ఆవిరి చేయడానికి ఇంకో 540 కెలోరీలు కావాలి, ఏడు రెట్లు! అందుకే ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపు ఓవెన్ వేడి 220 ఉన్నా 250 ఉన్నా, ముక్క మాత్రం 100 డిగ్రీలు దాటదు. వచ్చిన వేడినంతా ఆవిరయ్యే నీరే మింగేస్తుంది. ముక్క బాగా ఎర్రబడాలంటే దాని పైభాగం దాదాపు 140 డిగ్రీలు దాటాలి. తడి ఆరేదాకా ఆ గీత దాటడం దానికి సాధ్యం కాదు.

నా ట్రేలో జరిగింది ఇదే. ముక్కల మీంచి కారిన తేనె ట్రే మీద పలచగా పరుచుకుంది. తేనెలో నీరు సుమారు 18 శాతమే, అదీ పలచటి పొర, కింద కాలుతున్న లోహం. నీరు నిమిషాల్లో ఎగిరిపోయి చక్కెరలు మాడిపోయాయి. పక్కనున్న ముక్క ఇంకా తన నీటిని వదిలించుకునే పనిలోనే ఉంది. పైగా ముక్కల్ని ఒకదాన్నొకటి తాకేలా ఇరికించాను. వాటి ఆవిరి బయటికి పోయే దారి లేక అక్కడక్కడే తిరిగింది. కాల్చాలని పెట్టిన ముక్కలు ఆవిరి మీద ఉడకడం మొదలుపెట్టాయి. అన్నిటికంటే పెద్ద తప్పు తేనెను మొదట్లోనే పట్టించడం. చిక్కటి చక్కెర ద్రావణం తాకగానే ఆస్మాసిస్ వల్ల, అంటే నీరు పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు పోవడం వల్ల, కణాల్లోని నీరు బయటికి ఊరుతుంది. కోసిన పండ్ల మీద చక్కెర చల్లితే కాసేపటికి గిన్నెలో రసం నిలిచినట్టే. ఆరాల్సిన ముక్కను నేనే తడిపాను.

ముక్క సైజు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. వేడి లోపలికి పాకడానికి పట్టే సమయం మందానికి వర్గంలో పెరుగుతుంది. మందం రెండింతలైతే సమయం నాలుగింతలు. రెండున్నర సెంటీమీటర్ల ముక్కల మధ్య ఒక్క ఐదు సెంటీమీటర్ల ముక్క ఉంటే, చిన్నవి మెత్తబడి కరిగిపోయే సమయానికి కూడా పెద్దదాని నడుమ పచ్చిగానే ఉంటుంది. అన్నీ ఒకే సైజులో కోయమని చెప్పేది అందంగా కనబడడం కోసం కాదు.

లోపల మెత్తబడడం ఇంకో రకం పని. మొక్క కణాల గోడల్ని అంటిపెట్టి ఉంచే జిగురు పెక్టిన్. 85 డిగ్రీలు దాటాక అది విడిపోయి నీటిలో కరగడం మొదలవుతుంది. కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, ఫోర్కు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. పులుపు తగిలితే పెక్టిన్ అంత తేలిగ్గా కరగదు. నిమ్మరసమో నారింజరసమో కలపాలనుకుంటే ముక్కలు మెత్తబడ్డాకే కలపాలి. ముందే పోసి, ఎంతసేపైనా ఉడకడం లేదని టెన్షన్ పడడం అనవసరం. కాయను రెండు చెక్కలుగా చేసి కాల్చేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. కోసిన వైపు ట్రేకు ఆనేలా బోర్లిస్తే కింద ఆవిరి చిక్కుకుని గుజ్జు తొందరగా మెత్తబడుతుంది, ట్రేను తాకిన అంచు ఎర్రబడుతుంది. వెల్లకిలా పెడితే తడి పైకి పోతుంది, గింజలు తీసిన గుంటలో వెన్న, చక్కెర నిలుస్తాయి. నేనైతే ముందు బోర్లించి, తర్వాత తిప్పుతాను.

అసలు రుచి పుట్టేది పైభాగం ఆరిన తర్వాతే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమిల్ మయార్ 1912లో చక్కెరల్ని, ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్ని కలిపి వేడిచేస్తే గోధుమ రంగు రావడాన్ని వర్ణించాడు. రొట్టె పైపొరకు, వేపిన గింజలకు ఆ రంగు, ఆ కమ్మని వాసన వచ్చేది ఆ చర్య వల్లే. గుమ్మడిలో ప్రోటీన్ కొంచెమే ఉన్నా ఆ పని నడుస్తుంది. దానికి తోడు చక్కెరలు తమంతట తామే ముదురు పాకంగా మారతాయి. ఫ్రక్టోజ్ అనే చక్కెర 110 డిగ్రీల దగ్గరే మొదలుపెడుతుంది, గ్లూకోజ్, మామూలు చక్కెర 160 దాకా ఆగుతాయి. తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ కాబట్టి అది ముందు ఎర్రబడి, ముందు మాడుతుంది. మేపుల్ చెట్టు రసం కాచి చేసే మేపుల్ సిరప్‌లో ఉన్నది ఎక్కువగా మామూలు చక్కెరే, అది కాస్త ఓర్చుకుంటుంది. ఈ తేడా తెలిశాక ఏది ఎప్పుడు వేయాలో చెప్పడానికి వంట పుస్తకం అక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసే వరస ఇది. మొదట ముక్కలకు నూనె, ఉప్పు మాత్రమే. ట్రే మీద ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ. 220 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పడం. అప్పటికి అంచులు లోపలికి ముడుచుకుని, పైన తడి మెరుపు పోయి ఉంటుంది. వంద గ్రాముల ముక్క ఎండి 65 గ్రాములయిందనుకోండి, ఒక్క చెంచా చక్కెర వేయకుండానే అందులోని తీపి ఒకటిన్నర రెట్లు చిక్కబడినట్టు. అప్పుడు వేడిని 190కి తగ్గించి, కరిగించిన వెన్నలో తేనెగానీ బ్రౌన్ షుగర్ గానీ, దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ కలిపి పూస్తాను. ఇంకో పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ ఓవెన్ దగ్గర్నుంచి కదలకూడదు.

మసాలాను వెన్నలో కలపడానికి కారణం ఉంది. దాల్చినచెక్క వాసనకు మూలమైన సినమాల్డిహైడ్, లవంగంలోని యూజినాల్ నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతాయి. కొవ్వు వాటిని పట్టుకుని ముక్కంతా పరుస్తుంది, గాలిలోకి తొందరగా పోనివ్వదు. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది ఏమిటంటే, దాల్చినచెక్క పొడిని ఉత్తిగా నాలుక మీద వేసుకుంటే ఘాటుగా, కాస్త వగరుగా ఉంటుంది తప్ప పెద్దగా తీపి తెలియదు. అయినా తీపి వంటకంలో దాని వాసన తగలగానే తీపి పెరిగినట్టనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి ఆ వాసన తీపితో పాటే అందిన వాళ్లకు మెదడు రెండిటినీ ముడివేసేసింది. వెనీలాదీ ఇదే కథ. మసాలా సరిగ్గా పడితే చక్కెర సగానికి తగ్గించవచ్చని నేను గట్టిగా నమ్ముతాను. ఉప్పు కూడా సాయం చేస్తుంది. సోడియం చేదును అణచిపెడుతుంది, చేదు తగ్గితే దాని వెనక దాగిన తీపి బయటపడుతుంది.

కొవ్వు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఆ నారింజ రంగు ఇచ్చే బీటా కెరోటిన్ నుంచే మన శరీరం విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. అది కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అడవి గుమ్మడి తీగలు జంతువులు తినకుండా కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాల్ని తయారుచేసుకుంటాయి. పదివేల ఏళ్లుగా మనుషులు తక్కువ చేదున్న కాయల గింజల్నే దాచి నాటుతూ ఆ చేదును దూరం చేశారు. ఎప్పుడైనా, ముఖ్యంగా పెరట్లో వాటంతట అవే మొలిచిన తీగల్లో, పరాగం కలిసిపోయి అది మళ్లీ తిరిగి రావచ్చు. ఆ చేదు విషం. వాంతులు, విరేచనాలు అవుతాయి, ఉడికించినా కాల్చినా అది పోదు. మసాలా పట్టించే ముందు పచ్చి ముక్కను నాలుకకు తాకించి చూడండి. చేదనిపిస్తే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. తేనెతో కప్పిపుచ్చే ప్రయత్నం చేయొద్దు.

ట్రే బయటికి తీసిన వెంటనే తినబోతే పాకం నోరు కాలుస్తుంది, రుచీ తెలియదు. ఐదు నిమిషాలు ఆగాలి. మొదటి నిమిషంలో పాకం ఇంకా బుడగలు వేస్తూ, చెంచాకు తీగలా సాగుతుంది. మూడో నిమిషానికి బుడగలు ఆగిపోయి పైన సన్నటి మెరుపు పొర కడుతుంది. ఐదో నిమిషంలో చెంచా అంచుతో తడితే అంచుల దగ్గర ఆ పొర టిక్కుమని విరుగుతుంది. దాని కింద గుజ్జు ఇంకా వెచ్చగా, మెత్తగా ఉంటుంది.