సినిమా డబ్బు, పైరసీ: అపోహలు - వాస్తవాలు

థియేటర్లకు వెళ్లే డిజిటల్ కాపీ తయారుచేయడం, దాన్ని తెరిచే తాళాలు పంపడం నా పని. ఈ సంగతి చెప్పగానే మాట పైరసీ మీదికి మళ్లుతుంది. అప్పుడు నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: వసూళ్లు బడ్జెట్ దాటితే నిర్మాత గట్టెక్కినట్టే.

వాస్తవం: పోస్టర్ మీద వేసే అంకె గ్రాస్, అంటే ప్రేక్షకులు టికెట్లకు కట్టిన మొత్తం. అందులో ముందు పన్ను పోతుంది. తర్వాత థియేటర్ వాటా, డిస్ట్రిబ్యూటర్ కమీషన్, ప్రచారం ఖర్చు, ఆ పైన అప్పు మీద వడ్డీ. నిర్మాత చేతికి చాలాసార్లు సగం కూడా రాదు. థియేటర్ల వరకే చూస్తే, వంద పెట్టి తీసిన సినిమాకు వంద గ్రాస్ వచ్చిందంటే నష్టమే.

‘లాభం’ అనే మాటకు అర్థం కూడా ఒప్పందాన్ని బట్టి మారుతుంది. 1988లో వచ్చిన ‘కమింగ్ టు అమెరికా’ 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. దానికి మూలం తన కథేనని అమెరికా హాస్య రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్ కోర్టుకెక్కితే, నికర లాభమే రాలేదని ఆ సినిమా స్టూడియో పారమౌంట్ లెక్క చూపించింది. ఆ లెక్క సూత్రంలోని కొన్ని షరతులు మరీ అన్యాయమని కోర్టు 1990లో తేల్చింది.

అపోహ: పైరసీలో చూసిన ప్రతి ఒక్కరూ పోయిన టికెట్టే.

ఇది మావాళ్లు పుట్టించిన అపోహ. డౌన్‌లోడ్లను టికెట్ ధరతో గుణించి నష్టం చెప్పేస్తారు. ఉచితం కాకపోతే అసలు చూడనివాళ్లు ఎందరో ఉంటారు కదా! అమెరికా స్టూడియోల సంఘం ఎంపీఏఏ 2005లో చేయించిన అధ్యయనం, ఆ దేశంలో స్టూడియోల పైరసీ నష్టంలో 44 శాతం కాలేజీ విద్యార్థుల వల్లేనని చెప్పింది. 2008లో ఆ సంఘమే అది పొరపాటని, 15 శాతం వరకేనని దిద్దుకుంది. ఇలాంటివి జరిగాక అసలు నష్టం చెప్పినా ఎవరు నమ్ముతారు?

అపోహ: అయితే నష్టం లేదు, ఉచిత ప్రచారమే.

ఇక్కడ చూడాల్సింది లీకైన తేదీ. విడుదలకు ముందే లీకైన సినిమాల వసూళ్లు, విడుదలయ్యాక లీకైతే వచ్చేవాటికంటే సగటున 19 శాతం తగ్గాయని అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ప్రచురించారు. మొదటి వారాంతం మీదే బతికే వ్యాపారంలో అది మామూలు దెబ్బ కాదు.

ప్రచారం మాటలో కొంత నిజం లేకపోలేదు. 2012 జనవరిలో పైరసీ కాపీలు దొరికే ఫైల్ షేరింగ్ సైటు మెగాఅప్‌లోడ్ మూతపడ్డాక ఒక పరిశోధనలో చాలా తెరల మీద ఆడే పెద్ద సినిమాలకు మేలు కనిపించింది, సగటు సినిమాకు మాత్రం వసూళ్లు కాస్త తగ్గాయి. ఉచితంగా చూసినవాళ్ల నోటి మాట ఆగిపోవడమే కారణం కావచ్చన్నారు. మరో పరిశోధనలో రెండు స్టూడియోల డిజిటల్ అమ్మకాలు పెరిగాయి. అందరికీ ఒకే జవాబు లేదు.

అపోహ: కోట్లు తీసుకునే హీరోకే కదా నష్టం.

హీరో పారితోషికం చాలావరకు విడుదలకు ముందే అందుతుంది. ఫైనాన్షియర్ తన బాకీ తీరందే సినిమా బయటికి వదలడు. వసూళ్లు పడిపోతే ఆగేవి వరుసలో చివర ఉన్నవాళ్ల డబ్బులు. నేను పనిచేసిన ఒక చిన్న సినిమా మొదటి రోజే నెట్‌లోకి వచ్చేసింది. ‘ఎలాగూ ఫ్రీగా దొరుకుతోంది’ అంటూ ఓటీటీవాళ్లు బేరం దించేశారు. మా ఆఖరి బిల్లు ఇప్పటికీ రాలేదు.

అపోహ: థియేటర్లో ఫోన్‌తో తీస్తే ఎవరికీ తెలియదు.

తెలుస్తుంది. మేం పంపే తాళం ఒక్క సర్వర్‌కే (థియేటర్లో సినిమా ఆడించే యంత్రం), ఇచ్చిన గడువులోనే పనిచేస్తుంది. పైగా బొమ్మలోనూ శబ్దంలోనూ మనకు తెలియకుండా వాటర్‌మార్క్ అనే గుర్తు దాగి ఉంటుంది. ప్రతి 5 నిమిషాల భాగంలో 35 బిట్ల సమాచారం: ఏ సర్వర్, ఏ సమయం. ఫోన్‌తో తీసిన మసక కాపీలోనూ అది దొరికేలా రూపొందించారు. ఏ సీట్లో ఎవరు కూర్చున్నారో మాత్రం చెప్పదనుకోండి.

నాకు అసలు భయం థియేటర్ గురించి కాదు. ఎడిటింగ్, గ్రాఫిక్స్, డబ్బింగ్ కోసం చేతులు మారే పచ్చి కాపీల గురించి. 2009లో ‘ఎక్స్-మెన్ ఆరిజిన్స్: వుల్వరిన్’ విడుదలకు నెల ముందు నెట్‌లోకి వచ్చింది అలాంటి కాపీయే, గ్రాఫిక్స్ కూడా పూర్తికాలేదు. అందుకే మా దగ్గర బయటికి వెళ్లే ప్రతి కాపీ మీదా తీసుకునేవాళ్ల పేరు తెర మధ్యలో పడుతుంది. డైరెక్టర్లు విసుక్కుంటారు. అయినా తీయం.