బ్రేక్ ఆయిల్‌కి దాహం ఎక్కువ

డిస్క్ బ్రేక్ బండి కొని మూడు నాలుగేళ్ళు గడిచాక ఒకరోజు బ్రేక్ లివర్ మెత్తగా తగలడం మొదలవుతుంది, గట్టిగా ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా లోపలికి పోతుంది, గబగబా రెండు సార్లు పంప్ చేస్తే మళ్ళీ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మెకానిక్ ఒకసారి నొక్కి చూసి "ఎయిర్ పట్టింది, బ్లీడింగ్ చేయాలి" అంటాడు, అంటే గొట్టంలో చేరిన గాలిని పాత ఆయిల్‌తో పాటు బయటికి తీయడం. ఈ పని ఇంట్లో కూడా చేసుకోవచ్చు, నిపిల్‌కి (చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్ట్ లాంటిది) సరిపోయే రింగ్ స్పానర్ (చాలా బండ్లకి 8 నంబర్), అక్వేరియం షాపులో దొరికే ట్రాన్స్‌పరెంట్ పైపు, కొత్త ఫ్లూయిడ్ (బ్రేక్ ఆయిలే) సీసా ఉంటే చాలు. కాకపోతే స్టెప్పులు బట్టీ పట్టడం కన్నా లోపల గాలి ఏం చేస్తుందో తెలుసుకుంటే మంచిది, స్టెప్పులు వాటంతటవే గుర్తుంటాయి.

మూసిన గొట్టంలో ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ తగ్గకుండా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు, మన బ్రేక్ మొత్తం దాని మీదే నడుస్తుంది. లెక్క వేసి చూద్దాం. లివర్ మీద వేళ్ళతో 10 కిలోల బలం పెట్టామనుకోండి, లివర్ దాన్ని ఓ అయిదింతలు చేసి 12.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మాస్టర్ సిలిండర్ (లివర్ పక్కనే ఉండి ఫ్లూయిడ్‌ని నెట్టే చిన్న పంపు) పిస్టన్ మీదకి నెడితే లోపల దాదాపు 40 బార్ల ఒత్తిడి పుడుతుంది, అంటే బండి టైర్లో ఉండే దానికి ఓ ఇరవై రెట్లు. ద్రవం ఈ ఒత్తిడికి నలగదు కాబట్టి అదంతా చక్రం దగ్గర డిస్క్‌ని పట్టుకునే క్యాలిపర్‌కి చేరి ప్యాడ్‌ని డిస్క్ మీద అదుముతుంది. ఇప్పుడు అదే గొట్టంలో ఒక్క మిల్లీలీటర్ గాలి ఉందనుకోండి. 40 బార్ల దగ్గర అది నలభయ్యో వంతుకి నలిగిపోతుంది, ఆ ఖాళీ నింపడానికే పిస్టన్ దాదాపు 8 మిల్లీమీటర్లు ముందుకి పోవాలి, వేళ్ళ దగ్గర అది 4 సెంటీమీటర్లు, ఇంకేముంది లివర్ వెళ్ళి గ్రిప్‌ని తాకుతుంది. ఒక్క మిల్లీలీటర్‌కే ఇంత కథ.

గాలి సరే, పైపు ఊడదీసినప్పుడో హ్యాండిల్ మీదున్న ఫ్లూయిడ్ డబ్బా (రిజర్వాయర్) ఎండిపోయినప్పుడో వస్తుంది. అసలు దొంగ నీళ్ళు. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని గ్రేడ్ రాసి ఉండే ఫ్లూయిడ్లు గ్లైకాల్ అనే రసాయనం జాతివి, గాలిలో తేమ ఎక్కడున్నా తాగేస్తాయి, రబ్బరు పైపు గోడల్లోంచి కూడా. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల లోపు మరగకూడదని రూలు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల ఏడాది పొడుగునా ఉక్కపోతే, అక్కడ రెండేళ్ళకోసారి మార్చడం అతి జాగ్రత్తేమీ కాదు. ఇలా నీళ్ళు తాగడం దాని లోపం అనుకుంటారు గానీ నిజానికి అది గుణమే, ఎందుకంటే నీళ్ళని కలుపుకోని సిలికాన్ ఫ్లూయిడ్ (డాట్ 5) లో ఆ తేమ చుక్కలుగా క్యాలిపర్ అడుగుకి చేరి అక్కడ 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. డాట్ 5ని మిగతా వాటితో కలపకూడదు, డాట్ 5.1 మాత్రం పేరు దగ్గరగా ఉన్నా డాట్ 4 జాతిదే.

తిరుమల కొండ దిగే బండిని తీసుకోండి. ఇద్దరు మనుషులతో కలిపి 280 కిలోలు, 700 మీటర్ల ఎత్తు, ఆ శక్తంతా వేడిగా మారితే ఆరు లీటర్లకి పైగా నీళ్ళు మరిగించొచ్చు. ఆ శక్తిలో కొంత ఎదురుగాలి తీసుకుంటుంది, గేర్‌లో దిగితే ఇంజన్ చాలా తీసుకుంటుంది, న్యూట్రల్‌లో దిగేవాడికి మాత్రం దాదాపు అంతా బ్రేకుల మీదే. పాత ఫ్లూయిడ్ క్యాలిపర్ దగ్గర మరిగి ఆవిరైతే లివర్ ఉత్తినే లోపలికి పోతుంది. ఇంకో విషయం, కాసేపటికి చల్లారగానే ఆవిరి మళ్ళీ ద్రవమైపోయి బ్రేక్ మామూలుగా పనిచేస్తుంది, షెడ్‌కి తీసుకెళ్తే ఏమీ దొరకదు.

ఇక పనిలోకి. హ్యాండిల్ తిప్పి రిజర్వాయర్ సమంగా ఉండేట్టు పెట్టి ట్యాంకు మీద తడి గుడ్డ కప్పండి, ఈ ఫ్లూయిడ్ పెయింట్‌ని తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్ళు పోసి కడగాలి. నిపిల్‌కి ముందు స్పానర్ వేసి తర్వాత పైపు తొడిగి, పైపు రెండో కొస సీసాలో కాస్త ఫ్లూయిడ్‌లో మునిగి ఉండాలి. లివర్ నొక్కి పట్టుకుని నిపిల్ పావు చుట్టు వదులు చేస్తే పాత ఫ్లూయిడ్ టీ రంగులో వస్తుంది, మధ్యలో బుడగలు, లివర్ అడుగుకి చేరేలోపే నిపిల్ బిగించి అప్పుడు లివర్ వదలాలి. ఈ వరస తప్పితే వెనక్కి వచ్చే పిస్టన్ గాలిని పీల్చుకుంటుంది, అంతే రహస్యం. రిజర్వాయర్‌లో లెవెల్ మాత్రం కింది గీత దాటనివ్వకండి, దాటితే పైనుంచి గాలి దిగి మళ్ళీ మొదటికొస్తుంది. సిరంజితో నిపిల్ దగ్గర లాగేవాళ్ళకి బుడగలు ఎంతకీ ఆగవు, అది లోపలి గాలి కాదు, వదులు చేసిన నిపిల్ మరల సందుల్లోంచి వచ్చేది, తెలియక సీసా మొత్తం అవగొట్టేస్తారు.

ఎంత చేసినా మెత్తదనం పోకపోతే గాలి పైనే, మాస్టర్ సిలిండర్ బాంజో బోల్ట్ (పైపుని సిలిండర్‌కి బిగించే బోల్ట్) దగ్గర దాక్కుని ఉండొచ్చు. గాలి పైకే పోతుంది కదా, మనమేమో దాన్ని కిందికి తోస్తున్నాం. అందుకే కొందరు సిరంజితో కిందనుంచి పైకి కొత్త ఫ్లూయిడ్ ఎక్కిస్తారు, నాకైతే ఈ పద్ధతే తెలివైందనిపిస్తుంది, కాకపోతే ముందు రిజర్వాయర్‌లో పాతది తీసేయాలి, లేకపోతే పొంగి పెయింట్ మీద పడుతుంది.

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో మామూలుగా ఫ్లూయిడ్ మార్చడం ఇంట్లో కుదురుతుంది, కానీ ఏబీఎస్ యూనిట్‌లోకే గాలి పోతే సర్వీస్ సెంటర్‌లో దాని వాల్వుల్ని నడిపించే మెషీన్ కావాలి. అన్నీ అయ్యాక లివర్‌ని ఒక నిమిషం గట్టిగా నొక్కి పట్టి నిపిల్ దగ్గర, బాంజో దగ్గర తడి ఉందేమో వేలితో చూడండి, తర్వాత ఇంజన్ ఆన్ చేయకుండా బండి నెట్టుకుంటూ రెండు సార్లు ఆపి చూసి అప్పుడు రోడ్డెక్కండి.