తుపాకిపై చివరి మాట ఎవరిది: అమెరికాలో రాష్ట్రాలకూ నగరాలకూ నడుమ పాత తగవు

సైనిక తరహా రైఫిళ్లనూ, పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లనూ నిషేధిస్తూ కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగర కౌన్సిల్ 2018లో ఒక నిబంధన తెచ్చింది. అలాంటి నిషేధం విధించే అధికారం రాష్ట్ర చట్టం ప్రకారం నగరానికి లేదంటూ స్థానిక కోర్టు 2021 మార్చి 12న దాన్ని కొట్టివేసింది. సరిగ్గా పది రోజుల తరువాత అదే నగరంలోని ఒక సూపర్ మార్కెట్‌లో జరిగిన కాల్పుల్లో పదిమంది చనిపోయారు. తీర్పు వల్లనే ఈ ఘోరం జరిగిందన్న మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది గానీ, హంతకుడు తుపాకి కొన్నది బౌల్డర్‌లో కాదు, అదే రాష్ట్రంలోని ఆర్వాడా పట్టణంలో. ఊరికో చట్టం పెట్టుకుంటే ఒరిగేదేమిటని అడిగేవారికీ, రాష్ట్రం పూనుకోనప్పుడు ఊరైనా పూనుకోకూడదా అని అడిగేవారికీ ఆ ఒక్క ఘటనే ఆధారంగా దొరికింది. అదే ఏడాది జూన్‌లో కొలరాడో ప్రభుత్వం 2003 నాటి ఆంక్షను ఎత్తివేసి, రాష్ట్ర చట్టం కన్నా కఠినమైన నిబంధనలు పెట్టుకునే వీలును స్థానిక సంస్థలకు తిరిగి ఇచ్చింది. ఇలా వెనక్కి తగ్గిన రాష్ట్రాలు చాలా తక్కువ.

మన దేశంలో ఆయుధాలు కేంద్ర జాబితాలోని అంశం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కోసం కలెక్టరు దగ్గరికో పోలీసు కమిషనరు దగ్గరికో వెళ్లాలి తప్ప, అందులో మునిసిపాలిటీకి ప్రమేయం ఉండదు. అమెరికాలో కేంద్ర చట్టాలు కొన్ని ఉన్నా, మిగిలిన మేర రాష్ట్రాలదే. నగరాల ప్రస్తావన అక్కడి రాజ్యాంగంలో లేనే లేదు. రాష్ట్రం ఇచ్చిన అధికారాలే తప్ప నగరానికి సొంత అధికారాలు ఉండవని అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో చెప్పిన సూత్రం నేటికీ చాలాచోట్ల చెల్లుతోంది. 1875లో మిస్సోరీతో మొదలైన స్వపరిపాలన ఏర్పాటు ఆ కట్టును కొంత సడలించినా, రాష్ట్ర శాసనసభ తలచుకుంటే ఒక్క చట్టంతో నగరం చేతిలోని అంశాన్ని లాగేసుకోవచ్చు.

చాలాకాలం దాకా శాసనసభలకు తుపాకుల విషయంలో ఆ అవసరమే కలగలేదు. ఆయుధాలతో ఊళ్లో తిరగరాదన్న నియమం ఆనాటి సరిహద్దు పట్టణాల్లో మామూలే. 1881లో అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో జరిగిన పేరుమోసిన కాల్పులకు దారితీసింది కూడా, అలాంటి పట్టణ నిబంధన కింద కొందరి చేతుల్లోని తుపాకులు లాక్కోవడానికి పట్టణ పోలీసు అధికారి (మార్షల్) వర్జిల్ ఎర్ప్ బయలుదేరడమే.

రాష్ట్రాలకూ ఊళ్లకూ నడుమ ఈ పొత్తు చెడింది 1981లో. షికాగో శివారులోని మోర్టన్ గ్రోవ్ అనే చిన్న పట్టణం చేతి తుపాకులు దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధించింది. అది రాజ్యాంగ విరుద్ధం కాదని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 1982లో తీర్పు చెప్పగా, జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు మరుసటి ఏడాది నిరాకరించింది. మోర్టన్ గ్రోవ్ నిషేధానికి జవాబుగా జార్జియాలోని కెన్నెసా పట్టణం, ప్రతి ఇంటి యజమానీ తుపాకీ తూటాలూ ఉంచుకోవాలని 1982లో ఏకంగా నిబంధనే చేసింది. పత్రికలకు కెన్నెసా ఎక్కువ వినోదాన్ని ఇచ్చింది గానీ, చరిత్రను మలుపు తిప్పింది మాత్రం ఆ కోర్టు తీర్పే. కోర్టులు కాపాడవని తేలడంతో తుపాకి హక్కుల కోసం పోరాడే సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ రాష్ట్ర శాసనసభల వైపు తిరిగింది. తుపాకుల విషయంలో స్థానిక సంస్థల అధికారాన్ని తొలగించే ‘ప్రీఎంప్షన్’ చట్టాలు అప్పటికి కొద్ది రాష్ట్రాలలోనే ఉండగా, ఇప్పుడు ఏదో ఒక రూపంలో 40కి పైగా రాష్ట్రాలలో ఉన్నాయి. కారులో నాలుగు ఊళ్లు దాటే మనిషి తనకు తెలియకుండానే నాలుగు రకాల నేరాలు చేసినవాడవుతాడన్న వాదం వీటికి ఊతమైంది. అది తీసిపారేయదగిన వాదమేమీ కాదు. అయితే గ్రామీణ ప్రాంతాల సభ్యులు బలంగా ఉన్న శాసనసభలో గెలవడం, పెద్ద నగరాల కౌన్సిళ్లలో గెలవడం కన్నా సులువన్న లెక్క కూడా దాని వెనుక ఉంది.

పెన్సిల్వేనియాలో ఈ ఆంక్ష 1974 నుంచే ఉంది. 1993లో ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ నగరాలు సైనిక తరహా తుపాకులపై తెచ్చిన నిషేధాలను రాష్ట్ర సుప్రీంకోర్టు 1996లో ఈ కారణంగానే కొట్టివేసింది. 2018లో పిట్స్‌బర్గ్‌లోని ఒక యూదుల ప్రార్థనాలయంలో 11 మంది హతమయ్యాక నగరం మళ్లీ నిబంధనలు తెచ్చింది, మళ్లీ ఓడిపోయింది.

అన్నిటికన్నా ముందుకు వెళ్లింది ఫ్లోరిడా. 1987లోనే అక్కడ ప్రీఎంప్షన్ చట్టం వచ్చినా, పాత నిబంధనలను చాలా ఊళ్లు రద్దు చేయలేదు. అందుచేత 2011లో శాసనసభ దానికి కోరలు పెట్టింది. తెలిసి ఉల్లంఘించిన స్థానిక అధికారికి సొంత డబ్బులోంచి కట్టేలా 5,000 డాలర్ల వరకు జరిమానా, గవర్నరు ఉత్తర్వుతో పదవీచ్యుతి, నష్టపోయామన్న వారికి సంస్థ నుంచి 1,00,000 డాలర్ల వరకు పరిహారం అందులో ఉన్నాయి. పార్కుల్లో తుపాకి పేల్చరాదన్న పాత నిబంధనలను పుస్తకాల నుంచి తీసివేయనందుకు రాజధాని టలహాసీ మీదా, అప్పటి మేయరు జాన్ మార్క్స్ మీదా, కమిషనర్ల మీదా దావా పడింది. అమలు చేయకుండా ఊరికే ఉంచినంత మాత్రాన ఉల్లంఘన కాదని 2017లో కోర్టు వారిని బయటపడేసింది. 2018లో పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది బలయ్యాక, నిబంధనలు చేయాలనుకున్న కౌన్సిళ్లు ముందు ఆ శిక్షలపైనే కోర్టుకెక్కాయి. కింది కోర్టులో గెలిచినా, 2023 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షలను సమర్థించింది. ఎవరి చట్టం చెల్లుతుందన్నది రాజ్యాంగ ప్రశ్న. ఓటు వేసిన కౌన్సిలరు జేబుకు చిల్లు పెట్టడం మాత్రం, నా దృష్టిలో, ఆ ప్రశ్నను అసలు తలెత్తకుండా చేసే బెదిరింపు.

ఈలోగా రెండో రాజ్యాంగ సవరణ కింద ఆయుధ హక్కు వ్యక్తులదేనని 2008లోనూ, అది రాష్ట్రాలకూ నగరాలకూ వర్తిస్తుందని 2010లో షికాగో కేసులోనూ అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మోర్టన్ గ్రోవ్ 2008లోనే తన నిషేధాన్ని రద్దు చేసుకుంది.

స్థానిక స్వేచ్ఛ అన్న నినాదం ఆ తరువాత చేతులు మారింది. 2019 చివర వర్జీనియా శాసనసభ డెమొక్రాట్ల చేతికి రాగానే, కొత్త తుపాకి చట్టాలకు సహకరించబోమంటూ అక్కడి కౌంటీలూ పట్టణాలూ వందకు పైగా తీర్మానాలు చేశాయి. నిన్నటిదాకా రాష్ట్రమంతటా ఒకే చట్టం ఉండాలన్న వర్గమే వాటి వెనుక ఉంది. ఆరెగాన్‌లోని కొలంబియా కౌంటీ ఇంకో అడుగు వేసి, చాలా తుపాకి చట్టాలు తమ పరిధిలో చెల్లవనీ, వాటిని అమలు చేసే అధికారికి జరిమానా తప్పదనీ నిబంధన చేసింది. రాష్ట్ర అప్పీళ్ల కోర్టు 2023లో దాన్ని కొట్టివేసింది. అందుకు కోర్టు చూపిన ఆధారం, తుపాకుల నియంత్రణ అధికారాన్ని స్థానిక సంస్థల నుంచి తీసి శాసనసభకు అప్పగించిన 1995 నాటి ప్రీఎంప్షన్ చట్టం.