చూరు మోస్తున్న కుందేలు

అమ్ములూ, బుజ్జీ,

మీరు పంపిన కిల్పెక్ చర్చి ఫొటోలు నేనూ బామ్మా పెద్దవి చేసుకుని మరీ చూశాం. "తాతయ్యా, దేవుడుండే చోట గోడ మీద కుక్కా కుందేలూ ఎందుకు?" అన్న ప్రశ్న బుజ్జిదే అయ్యుంటుంది.

ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దు దగ్గర హియర్‌ఫర్డ్‌షైర్‌లోని ఆ చిన్న పల్లెలో, 1140 ప్రాంతంలో, ఎర్ర ఇసకరాయితో కట్టారు దాన్ని. చూరు కింద వరసగా పొడుచుకొచ్చిన రాళ్లున్నాయే, వాటిని కార్బెల్స్ అంటారు. చూరు బరువు మోసేది అవే. మనూళ్లో స్వామివారి పల్లకి మోసే బోయీల్ని చూశారు కదా? చూరు పల్లకి అనుకోండి. కుక్క, కుందేలు, పొట్టేలు, ఫిడేలు వాయించేవాడు, అందరూ బోయీలే. ఎనభైమందికి పైనే ఉన్నారు. మన బోయీలు నడుమ భుజం మార్చుకుంటారు, మజ్జిగ తాగుతారు. వీళ్లు దాదాపు 900 ఏళ్లుగా దించిందే లేదు, పాపం! తూర్పున గోడ గుండ్రంగా తిరిగే చోట పల్లకి మలుపు తిరుగుతోందన్నమాట. మలుపులో బయటివైపు బోయీ పరుగెత్తాలి... సరే, రాయి పరుగెత్తదులెండి.

చిన్నప్పుడు ఒకసారి కల్యాణానికి నన్నూ పల్లకి కొమ్ము పట్టుకోనిచ్చారు. నా భుజానికి అది అందితేగా! చెయ్యెత్తి ఊరికే తాకుతూ నడిచి, పల్లకి నేనే మోశానని బడంతా చెప్పుకున్నాను. జనం కళ్లన్నీ స్వామి మీదే. మోసేవాళ్ల మొహం ఎవరు చూస్తారు? కిల్పెక్ శిల్పి మాత్రం మోసేవాటికే మొహాలు చెక్కాడు. మీరూ బరువు మోసేవాళ్లు ఎదురైతే ఒకసారి మొహం చూసి పలకరించండి.

ఇక కుక్కా కుందేలూ అంటావా... వేటాడేదీ, వేటకు చిక్కేదీ ఒకే రాతి మీద, తరుముకోకుండా, పక్కపక్కనే. ఎందుకలా చెక్కాడో శిల్పి ఎక్కడా రాసిపెట్టలేదు. నాకైతే ఆ ఫొటో ఎన్నిసార్లు చూసినా తనివి తీరడం లేదు.

ఈసారి వెళ్తే దక్షిణం గుమ్మం దగ్గర తీరిగ్గా నిలబడండి. ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కుకున్నట్టు ఇద్దరు యోధులు, వదులు పైజమాల్లో ఉంటారు. కుడి స్తంభం పైన ఒక మొహం, దాని నోట్లోంచి ఆకుల తీగలు. గుమ్మం పక్కల పాములు తోకలు మింగుతుంటాయి. ఏ తోక ఏ నోట్లో ఉందో వెతకండి, వేలితో కాదు, కళ్లతో. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చెక్కడం బాగా తేలుతుంది. మబ్బు లేని రోజు చూసుకుని వెళ్లండి, మీ ఇంగ్లండులో దొరికితే!

మీ
తాతయ్య